సవరణ: గోల్డ్ గుర్తు ఉన్నంత మాత్రాన పవర్ సప్లై చప్పుడు తగ్గదు

తక్కువ ఖర్చులో, చప్పుడు లేని కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవడం గురించి మొన్న పెట్టిన పోస్టులో, 80 ప్లస్ గోల్డ్ గుర్తున్న పవర్ సప్లై (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) కొంటే నిశ్శబ్దంగా పనిచేస్తుందని రాశాను. అది తప్పు. ఆ గుర్తు ఇవ్వడానికి ప్రకటించిన నిబంధనలు చూస్తే, అందులో ప్రధానంగా కొలిచేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నదే. ఫ్యాన్ చప్పుడు ఊసే అందులో లేదు.

115 వోల్టుల పరీక్షలో, సగం లోడు (పవర్ సప్లై ఇవ్వగలిగే గరిష్ఠ వాట్లలో సగం) దగ్గర గోల్డ్‌కి 90 శాతం, దానికన్నా కింది స్థాయి గుర్తయిన బ్రాంజ్‌కి 85 శాతం సామర్థ్యం ఉండాలి, అంటే తీసుకున్న కరెంటులో అంత వంతు కంప్యూటర్‌కి చేరాలి. ఆ సగం లోడులో కంప్యూటర్ 200 వాట్లు వాడుకుంటోందనుకోండి. గోల్డ్‌లో సుమారు 22 వాట్లు, బ్రాంజ్‌లో సుమారు 35 వాట్లు వేడిగా పోతాయి. ఆ తేడా వల్ల ఫ్యాన్‌కి కాస్త పని తగ్గుతుంది, నిజమే. కానీ ఆన్ చేసిన క్షణం నుంచీ ఫ్యాన్ వేగంగా తిరిగేలా పెట్టి ఉంటే, గోల్డ్ అయినా గుయ్‌మంటూనే ఉంటుంది. దానికన్నా నెమ్మదిగా తిరిగే 120 మి.మీ. ఫ్యానున్న బ్రాంజే నయం.

చప్పుడు సంగతి తెలియాలంటే సైబనెటిక్స్ సంస్థ విడిగా ఇచ్చే లాంబ్డా రేటింగ్ చూడండి. అందులో ఏ ప్లస్ ప్లస్ అంటే సగటున 15 డెసిబెల్స్ లోపు. తక్కువ లోడులో ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయే మోడల్ దొరికితే ఇంకా మంచిది.

నా మాట నమ్మి గోల్డ్ కోసం బడ్జెట్ పెంచుకున్నవాళ్లు ఇంకా కొనకపోతే, ఆ డబ్బు పెద్ద సీపీయూ కూలర్‌కి (ప్రాసెసర్‌ని చల్లబరిచే భాగం) పెట్టండి. కేబినెట్ ఫ్యాన్ల గురించి రాసినదాంట్లో మార్పేమీ లేదు.