కరివేపాకుకు పట్టిన రాజయోగం

అవసరం తీరాక పక్కకు నెట్టేసిన మనిషిని మనం 'కూరలో కరివేపాకు' అంటాం. తిరగమోతలో చిటపటలాడి, ఇంటిల్లిపాదికీ ఆకలి పుట్టించి, చివరకు కంచం అంచున గుట్టగా పడి ఉండే ఆ ఆకుకు తరతరాలుగా జరుగుతున్న అన్యాయంపై ఇంతవరకు ఏ ప్రభుత్వమూ విచారణ సంఘాన్ని వేయలేదు. ఆ లోటును ఆహార శాస్త్రవేత్తలు తీర్చారు. కరివేపాకు, గ్రీన్ టీ, దానిమ్మ తొక్క, ద్రాక్ష గింజలు, లవంగం, పసుపు వంటి వాటి నుంచి సారం తీసి, దాన్ని పిండి పదార్థంతో పోసిన పలుచని పొరలో కలిపి, ప్లాస్టిక్‌కు బదులు ఆ పొరలో చుడితే తినుబండారాలు త్వరగా పాడవవని వారు తేల్చారు. ఇకమీదట కరివేపాకును ఏరి పారేయడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే అది కూరలో ఉండదు, కూర చుట్టూ ఉంటుంది.

ఇందులోని శాస్త్రం తెలుసుకోవాలంటే దసరాకు వండిన చేగోడీల డబ్బాను దీపావళి నాడు మూత తీసి చూస్తే చాలు. గుప్పుమనే ఆ పాత నూనె వాసనకు కారణం గాలిలోని ఆక్సిజన్. అది నూనెలోని కొవ్వు అణువుల్లో ఒకదాన్ని చెడగొడుతుంది, చెడినది ఊరుకోక పక్కదాన్ని చెడగొడుతుంది, అలా వీధి తగాదాలా డబ్బా అంతా పాకుతుంది. మొక్కల సారంలోని యాంటీ ఆక్సిడెంట్ మధ్యలో దూరి, తన హైడ్రోజన్ పరమాణువును ధారపోసి, గొడవ సద్దుమణిగేలా చేస్తుంది. ఇంతకాలం ఈ పెద్దమనిషి పాత్రను బీహెచ్‌ఏ, బీహెచ్‌టీ అనే కృత్రిమ రసాయనాలు పోషించాయి. వాటి స్థానంలో కరివేపాకును నియమించే ముందు ప్రయోగశాలలో దానికి ఒక పరీక్ష పెడతారు. డీపీపీహెచ్ అనే ముదురు ఊదారంగు ద్రావణంలో సారాన్ని కలిపినప్పుడు ఆ రంగు పసుపులోకి దిగితే ఉత్తీర్ణత లభించినట్టు. మా అమ్మమ్మ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, 'ఇవి పనిమనిషికి కూడా పెట్టకండి' అని తీర్పు చెప్పేది. ఆ పద్ధతిలో ఎక్కడా ఊదారంగు లేనందున దానికి శాస్త్ర ప్రతిపత్తి దక్కలేదు.

సారం సంగతి సరే, దాన్ని మోసే పొర మాటేమిటన్నది అంతకంటే జటిలమైన ప్రశ్న. ఈ రంగంలో అందరి మన్ననా పొందిన పదార్థం కైటోసాన్. రొయ్యల, పీతల పెంకులలోని ఖనిజాలను, మాంసకృత్తులను తొలగించి, మిగిలినదాన్ని గాఢమైన క్షారంలో ఉడికించి దీన్ని తయారు చేస్తారు. దేశంలో రొయ్యల సాగుకు పెట్టింది పేరైన ఆంధ్రప్రదేశ్‌కు ఇది గర్వకారణమే గాని, కార్తీక సోమవారం నాడు ఉపవాసం విడవబోయే గృహస్థుకు పులిహోర పొట్లం చేతిలో పెట్టి, 'అయ్యా, పులిహోర శుద్ధ శాకాహారమే, చుట్టిన కవరు మాత్రం రొయ్య' అని ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు. పులిహోరకు పచ్చచుక్క వేయాలా, కవరుకు మాంసాహారపు గోధుమరంగు త్రిభుజం వేయాలా, లేక త్రిభుజంలో చుక్క పెట్టాలా అన్న విషయమై ఒక ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించి, కాకినాడలోనో భీమవరంలోనో సమావేశపరచాలని ఈ వ్యాసకర్త విజ్ఞప్తి. మధ్యాహ్న భోజనం విషయంలో సభ్యులకు ఇబ్బంది ఉండదు.

రొయ్య పొసగని వారికి పిండి పొర ఉండనే ఉంది. 'దీన్ని మన పూర్వీకులు ఎప్పుడో కనిపెట్టారు' అంటూ ఒక వర్గం ఇక్కడ లేచి నిలబడుతుందని తెలుసు, నిజానికి వారి చేతిలో ఆధారం కూడా ఉంది. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీదుగా ఒక్కసారి లాగితే, రెప్పపాటులో పొర ఆరి, అంచు పట్టుకుని లేపగానే కాగితంలా చేతికి వస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకు తినదగిన ప్యాకేజింగ్ అనడంలో సందేహం లేదు. అయితే అందులో నెయ్యి, బెల్లం చుట్టిన వారున్నారే గాని పప్పుచారు పోసి పట్టుకెళ్లిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. పిండి పొరకు నీరంటే అంత వెరపు కనుక, శ్రావణ మాసపు బెజవాడ గాలి సోకితే చాలు మెత్తబడిపోతుంది. పసుపు సారం కలిపితే ఎండ తగిలి రంగు వెలిసిపోతుంది, లవంగ నూనె కలిపితే బిస్కెట్ కాస్తా పంటినొప్పి మందు వాసన వేస్తుంది.

ఇన్ని తట్టుకుని నిలిచినా, ఈ కవరు నుంచి మనం కోరేది సంక్రాంతి అల్లుడి నుంచి మామగారు కోరేదే: ఉన్నన్నాళ్లు దర్జాగా ఉండాలి, కనుమ దాటగానే ఎవరూ చెప్పకుండా తనంతట తాను వెళ్లిపోవాలి. చిక్కు ఎక్కడంటే, మొక్కల సారాల్లో కొన్ని ఆహారాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులను కూడా అడ్డుకుంటాయి, తీరా మట్టిలో పడ్డాక ఆ పొరను తిని మాయం చేయవలసిన వారు కూడా సూక్ష్మజీవులే. తాంబూలం ఇచ్చి సాగనంపవలసిన వారిని గుమ్మంలోనే అడ్డుకుంటే అల్లుడు ఎలా కదులుతాడు?

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతటా నిషేధించాక, దుకాణాల్లోని సంచుల మీద పచ్చటి ఆకు బొమ్మలు విరివిగా చిగురించాయి. మా వీధి చివరి మిఠాయి దుకాణంలో పావుకిలో చెక్కలు కొన్నప్పుడు నాకు అలాంటి సంచి ఒకటి దక్కింది. మొక్కజొన్నతో చేసినదనీ, మట్టిలో కలిసిపోతుందనీ దానిపై రాసి ఉంది. పౌరధర్మంగా దాన్ని పెరట్లోని కరివేపాకు తొట్టిలో జానెడు లోతున పాతిపెట్టాను. నాలుగు నెలల తరువాత తవ్వి చూస్తే ఆకు బొమ్మ చెక్కుచెదరలేదు, అక్షరం చెదరలేదు, పైగా అడుగున ఉన్న చిన్న అక్షరాలు మట్టితో తోమడం వల్ల కాబోలు ఇప్పుడు స్పష్టంగా కనబడ్డాయి: పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలో మాత్రమే. అటువంటి సంచులకు ప్రమాణ పరీక్ష దాదాపు 58 డిగ్రీల సెల్సియస్ వేడిలో జరుగుతుందని, అంత వెచ్చదనంలో ఆరు నెలల్లో 90 శాతం కరిగితే చాలునని తరువాత తెలిసింది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో రెంటచింతల నడిబొడ్డున నిలబెట్టినా అంత వేడి దొరకదు, ఇక మా తొట్టికి రోజూ సాయంత్రం నీళ్లు కూడా పోస్తాం.

సంచిని కడిగి, ఆరేసి, మడిచి, మిగతా సంచులతో పాటు తలుపు వెనక మేకుకు తగిలించాను. అది పడుకున్న ఆ తొట్టిలోనే మేము నాలుగు నెలలుగా కంచాల్లోంచి ఏరిన కరివేపాకును పారబోస్తూ వచ్చాం, ఎంత వెతికినా ఒక్క ఈనె కూడా దొరకలేదు.