క్యూలో కూర్చునే చోటేదీ?

పరీక్షలు అయిపోయి సెలవులు మొదలవగానే కోనసీమ నుంచి, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి హైదరాబాద్ బయల్దేరే కుటుంబాలకు రెండు మజిలీలు ఖాయం: రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా. ఆ ఇంట్లో ఒకరికి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (ఎంఈ/సీఎఫ్‌ఎస్) ఉన్నా, కోవిడ్ తర్వాత పట్టుకుని వదలని నీరసం (లాంగ్ కోవిడ్) ఉన్నా వినిపించే మాటలు కూడా రెండే. "నువ్వు ఇంటి దగ్గరే ఉండు" అనేది ఒకటి, "నలుగురిలో తిరిగితే హుషారొస్తుంది పద" అనేది మరొకటి. రెండూ తప్పే. జబ్బు మరీ ముదరనివాళ్లు చాలామంది పార్కుకి వెళ్లిరాగలరు. వాళ్లను మంచాన పడేసేది రోలర్ కోస్టర్ కంటే ముందు క్యూలో నిలబడటం, ఎండ, నిద్రలేమి. ఈ మూడింటిలో కొంత ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది, కొంత పార్కు యాజమాన్యం చేతిలో ఉంది.

ముందు జబ్బు సంగతి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో పెట్టిన ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాలు తప్పనిసరి. రోజువారీ పనులు బాగా తగ్గిపోయేంత నిస్సత్తువ ఆరు నెలలకు పైగా ఉండాలి. ఎంత పడుకున్నా బడలిక తీరకూడదు. శ్రమ చేశాక లక్షణాలు ముదరాలి. వీటికి తోడు మెదడు మొద్దుబారినట్టు ఉండటమో, నిలబడితే కళ్లు తిరగడమో ఉండాలి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బీ12 లోపం వంటివి కావని పరీక్షల్లో తేలాకే ఈ జబ్బు పేరు పెట్టాలి. మన ఆడవాళ్లలో నీరసానికి రక్తహీనతే కారణం కావడం మామూలు కాబట్టి ఈ మెట్టు దాటేయకూడదు.

శ్రమ తర్వాత లక్షణాలు ముదరడాన్ని డాక్టర్లు పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్ అంటారు, రోగులు క్రాష్ అంటారు. పార్కు ప్లాను మొత్తం దీని చుట్టూ తిరగాలి. ఎందుకంటే ఇది అప్పటికప్పుడు రాదు. సాధారణంగా 12 నుంచి 48 గంటల తర్వాత దిగుతుంది. దిగాక రోజులు, ఒక్కోసారి వారాలు వదలదు. శనివారం పార్కులో నవ్వుతూ తిరిగిన మనిషి సోమవారం దువ్వెన కూడా ఎత్తలేరు. "మొన్న బాగానే తిరిగావుగా!" అనే మాట అక్కడే పుడుతుంది. బాగా తిరగడమే ఈ పడకకు కారణమని ఇంట్లో ఎవరికీ తట్టదు.

ఇది మనసులో పుట్టేది కాదు. సైకిల్ తొక్కించి ఊపిరిని కొలిచే పరీక్షను వరసగా రెండు రోజులు చేస్తే, ఈ రోగులు చాలామందిలో రెండో రోజు సామర్థ్యం పడిపోతుంది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు మొదటి రోజులాగే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు లాంగ్ కోవిడ్ రోగుల మీద చేసిన అధ్యయనం 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చింది. శ్రమ తర్వాత కండరాల్లో కనిపించే నష్టం పెరుగుతుందని అది చూపింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఎంఈ/సీఎఫ్‌ఎస్ మీద 2021 అక్టోబరులో విడుదల చేసిన వాటిలో, వ్యాయామం క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతిని పక్కన పెట్టేసింది. కాబట్టి "టూరుకి ముందు నెలరోజులు నడక పెంచు, అలవాటవుతుంది" అనే సలహా ఈ జబ్బున్నవాళ్లకు పనికిరాదు.

డెల్టా నుంచి వెళ్లేవాళ్లకు పార్కు గేటు దగ్గరకు చేరేసరికే సగం ఓపిక ఖర్చయిపోతుంది. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. రాజమండ్రి దాకా రోడ్డు మీద వెళ్లి రైలు ఎక్కాలి, లేదంటే రాత్రి బస్సు. మామూలుగా జరిగేది ఇది: రాత్రి బస్సెక్కి, తెల్లారి దిగి, లాడ్జిలో గంటలో అందరి స్నానాలూ కానిచ్చి, టిఫిను తిని, నేరుగా పార్కు. సాయంత్రం గేటు మూసేదాకా తిరిగి అదే రాత్రి తిరుగు బస్సు. మధ్యలో ఒక పగలంతా నడక, రెండు రాత్రులు నిద్ర లేదు. ఈ టైమ్‌టేబుల్‌తో పార్కులో ఒక్క రైడూ ఎక్కకపోయినా క్రాష్ రావచ్చు.

రెండో పార్కు టికెట్ల డబ్బును రెండు రాత్రుల గదికి మళ్లించడం మేలు. వెళ్లిన రోజు పూర్తిగా విశ్రాంతి, మర్నాడు పార్కు, ఆ రాత్రి అక్కడే నిద్ర, మరుసటి రోజు ప్రయాణం. వరసగా రెండు రోజులు రెండు పార్కులు వద్దే వద్దు, కారణం పైన చెప్పిన సైకిల్ పరీక్షలోనే ఉంది. రైల్లో అయితే వందే భారత్ త్వరగా చేరుస్తుంది గానీ దారంతా కూర్చునే ఉండాలి. నిలబడినా, ఎక్కువసేపు కూర్చున్నా తల తిరిగేవాళ్లకు గౌతమిలాంటి రాత్రి బండిలో కింది బెర్తే నయం. రామోజీ ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార వంటి హోటళ్లున్నాయి. మధ్యాహ్నం గదికి వెళ్లి రెండు గంటలు చీకట్లో పడుకుని మళ్లీ రావడానికి అదొక్కటే వీలైన చోటు. ఖర్చు పెట్టగలిగితే పెట్టాల్సింది అక్కడే.

ఇక నిలబడటం. మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. నడుస్తుంటే పిక్కల కండరాలు దాన్ని పైకి తోస్తుంటాయి. కదలకుండా నిలబడితే తోసేది లేదు. అందుకే ముప్పావు గంట మెల్లగా నడవడం కంటే ముప్పావు గంట క్యూలో నిలబడటం ఈ రోగులకు కష్టం. వీళ్లలో కొందరికి పాట్స్ అనే సమస్య కూడా ఉంటుంది: నిలబడిన పది నిమిషాల్లో బీపీ పడకుండానే గుండె వేగం నిమిషానికి 30, అంతకు మించి పెరుగుతుంది (12 నుంచి 19 ఏళ్లవాళ్లలో 40). ఎండకు రక్తనాళాలు ఇంకా వదులవుతాయి కాబట్టి ఏప్రిల్, మే ప్రయాణం మానుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, పండగ సెలవులు కాని మంగళ, బుధవారాలు మంచివి.

క్యూలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లోవాళ్లు ఒకరు వరసలో ఉండి, రోగి నీడలో కూర్చుని, వంతు వచ్చినప్పుడు చేరడానికి ముందే అక్కడి సిబ్బందిని అడిగి ఒప్పించుకోవాలి. మధ్యలో దూరితే వెనకవాళ్లు ఊరుకోరు. తేలికపాటి మడత స్టూలు లోపలికి రానిస్తారో లేదో టికెట్ కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. తప్పక నిలబడాల్సి వస్తే కాళ్లు కత్తెరలా వేసి తొడలు బిగించడం, మడమలు ఎత్తి దించడం కొంతసేపు ఆదుకుంటాయి. కళ్లు బైర్లు కమ్మితే మొహమాటం లేకుండా అక్కడే కింద కూర్చోవాలి. ఓఆర్‌ఎస్ మెడికల్ షాపులో దొరికే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్యాకెట్టే కొనాలి. లీటరు నీళ్ల ప్యాకెట్టును లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై వికారం వస్తుంది. బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఉప్పు పెంచకూడదు. మధ్యాహ్నం బిర్యానీ తింటే రక్తం జీర్ణాశయం వైపు మళ్లి తల తిరగడం ఎక్కువవుతుంది. పెరుగన్నం కొంచెం కొంచెంగా రెండుసార్లు తిని, తిన్నాక గంటసేపు నిలబడకుండా ఉండాలి.

నీళ్ల రైడ్లు చల్లగా ఉంటాయి కాబట్టి తేలికని అనుకుంటారు. జారుడు రైడ్లకు మెట్లెక్కి పైకి వెళ్లాలి, చాలాచోట్ల ట్యూబు కూడా మోసుకుంటూ. ఆపైన తడి బట్టలు మార్చుకోవడం, లాకర్ దాకా నడవడం. వేవ్ పూల్ మాత్రం వేరు. నడుము పైదాకా నీళ్లుంటే ఆ ఒత్తిడి కాళ్లలో రక్తాన్ని పైకి నెడుతుంది కాబట్టి లోపల హాయిగా ఉంటుంది. ప్రమాదం బయటికి వచ్చేటప్పుడు. ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి కళ్లు తిరుగుతాయి. ఒడ్డున మోకాలి లోతులో రెండు మూడు నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత ఎవరి చెయ్యయినా పట్టుకుని లేవాలి.

ఎంత నడవాలి? వెళ్లబోయే ముందు వారం రోజులు ఫోన్ జేబులోనే పెట్టుకుని రోజుకెన్ని అడుగులు పడుతున్నాయో చూడండి. మామూలు మనిషి పార్కులో పది వేల అడుగులు ఇట్టే దాటేస్తాడు, అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. రోగి సగటు మూడు వేలైతే పార్కులోనూ మూడు వేలే నడవాలి, మిగతాది వీల్‌చైర్. ఇక్కడ ఇంట్లో పెద్ద వాదన నడుస్తుంది: "నడవగలవు కదా, కుర్చీలో తోస్తే నలుగురూ ఏమనుకుంటారు?" రొయ్యల చెరువులు చేసే ఊళ్లవాళ్లకు ఇది అర్థమయ్యేలా చెప్పొచ్చు. పగలంతా చెరువు బాగానే కనిపిస్తుంది, ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున. ఏరేటర్ ముందే తిప్పాలి, రొయ్య తేలాక తిప్పితే పంట దక్కదు. వీల్‌చైర్ కూడా గేటు దగ్గరే ఎక్కాలి, కాళ్లు లాగడం మొదలయ్యాక కాదు.

వెళ్లే ముందు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, బీ కాంప్లెక్స్ పెట్టించుకోవడం మన వైపు ఆనవాయితీ. నిలబడితే తల తిరిగేవాళ్లకు సెలైన్‌తో కొన్ని గంటలు ఊరట దొరకొచ్చు గానీ, క్రాష్‌ను అది ఆపుతుందని నమ్మి వెళ్లకూడదు. ఆ ఊరట చూసి మనిషి ఇంకో నాలుగు రైడ్లు ఎక్కేస్తారు. కాఫీ, నొప్పి మాత్రలు చేసేదీ అదే. అందుకే బయటికి వచ్చే సమయం ముందే నిర్ణయించుకోవాలి, మధ్యాహ్నం రెండు అనుకుంటే రెండే. మాటలు తడబడటం, చుట్టూ చప్పుడు భరించలేకపోవడం, చేతులు చల్లబడటం, వికారం కనిపిస్తే రెండు దాకా కూడా ఆగొద్దు. "ఈ ఒక్కటీ ఎక్కేసి పోదాం" అన్న ఆ ఒక్క రైడే చాలామందిని ముంచుతుంది. ఇంటికొచ్చాక కనీసం మూడు రోజులు పెళ్లి గానీ, పరీక్ష గానీ, ఇంటికి చుట్టాలు గానీ లేకుండా చూసుకోవాలి. మాఘమాసం ముహూర్తాల మధ్య ఇరికించిన టూరు బెడిసికొట్టేది ఇందుకే.

అసలు వెళ్లొచ్చా లేదా తేల్చుకోవడానికి ఊళ్లోకి వచ్చే ఎగ్జిబిషన్ చాలు. మావుళ్లమ్మ జాతరప్పుడు భీమవరంలో ఒక గంట, ఒక జెయింట్ వీల్, మధ్యలో కూర్చోవడం, అంతే. ఆ తర్వాత మూడు రోజులు గమనించండి. ఆ గంటకే పడుకోవాల్సి వస్తే హైదరాబాద్ ఈ ఏడు వద్దు. ఈ రోగుల్లో కనీసం నాలుగో వంతు మంది ఏదో ఒక దశలో ఇంటికో మంచానికో పరిమితమవుతారని పైన చెప్పిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015 నివేదికే చెప్పింది. ఆ దశలో ఉన్నవాళ్లను బతిమాలి తీసుకెళ్లడం ప్రేమ అనిపించుకోదు. కాలేజీలు నడిపే టూర్లయితే రెండు రాత్రుల బస్సు పద్ధతిలోనే వెళ్తాయి కాబట్టి, ఈ జబ్బున్న పిల్లలను వాటిలో పంపకపోవడమే మంచిది. రానందుకు పిల్లల్ని నిందించే లెక్చరర్లకు డాక్టర్ లెటర్ ముందే చూపించాలి.

ఆ లెటర్లో జబ్బు పేరు కంటే అవసరం రాయించడం ముఖ్యం: పది నిమిషాలకు మించి నిలబడలేరు, ఎండ పడదు, కూర్చునే వీలు కావాలి, వెంట ఒకరుండాలి. పేరు మీద ఆధారపడితే ఏమవుతుందో డిస్నీ చూపించింది. 2024లో అమెరికా డిస్నీ పార్కులు క్యూలో నిలబడకుండా తర్వాత రమ్మనే సౌకర్యాన్ని ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవారికే పరిమితం చేశాయి. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే మన పెద్దవాళ్లు ఓర్లాండో ప్లాను వేసేటప్పుడు దీన్ని గుర్తుంచుకోవాలి. అక్కడ వీల్‌చైర్, బ్యాటరీ స్కూటర్ అద్దెకు దొరుకుతాయి, వాటి మీదే ప్లాను వేసుకోవాలి.

మన పార్కుల్లో వరస తప్పించుకోవాలంటే ఎక్కువ డబ్బు పెట్టి ఫాస్ట్‌ట్రాక్ టికెట్ కొనాలి. నిలబడలేనివాళ్లు నిలబడకుండా ఉండటానికి అదనంగా డబ్బు కట్టాల్సి రావడం అన్యాయం. తిరుమలలో టైమ్‌స్లాట్ టోకెన్ తీసుకుని చెప్పిన వేళకు వెళ్లడం మనందరికీ తెలిసిన పద్ధతే. అంత జనానికి నడిచేది రోలర్ కోస్టర్‌కి ఎందుకు నడవదు? వరసలో పార్కు పోగొట్టుకునేదేమీ లేదు. ఆ రోగి కూడా అందరిలాగే నలభై నిమిషాలు ఆగుతాడు, కాకపోతే కూర్చుని ఆగుతాడు.

చట్టం కూడా ఇక్కడ వెనకబడే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఎంఈ పేరు లేదు. దీర్ఘకాలిక నాడీ వ్యాధులనే వర్గం మాత్రం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1969 నుంచే ఎంఈని నాడీ వ్యవస్థ జబ్బుల్లో చేర్చింది కాబట్టి ఆ వర్గం కింద దీన్ని పరిగణించాలని రాష్ట్ర ప్రభుత్వాలు స్పష్టంగా ఆదేశాలివ్వాలి. బహిరంగ ప్రదేశాల్లో దివ్యాంగులకు వీలైన ఏర్పాట్లు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నిబంధనలు కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న చెప్పింది కూడా.

ఇలాంటి ఏర్పాట్లు ముందే చేసే అవకాశం రాజమండ్రిలో ఇప్పుడే ఉంది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో గోదావరి మీది పాత రైలు వంతెన హేవ్‌లాక్‌ను పర్యాటక స్థలంగా మార్చాలన్నది ప్రధాన భాగం. ఆ వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. పొడుగునా నీడ, ప్రతి యాభై మీటర్లకు వీపు ఆనించుకునే బెంచీ, మధ్యలోంచి వెనక్కి తీసుకొచ్చే బ్యాటరీ బండి డ్రాయింగులోనే ఉండాలి. కట్టాక అతికించడం ఖర్చు, అప్పుడు ఎవరూ అతికించరు. 2027 పుష్కరాలకు ఘాట్ల దగ్గర వేసే క్యూలైన్లకూ ఇదే వర్తిస్తుంది: ఇనుప పైపుల మధ్య ఒక వైపునైనా కూర్చునే పలక వేయాలని టెండరులోనే రాయాలి.