చింటు, వయసు తొమ్మిది

మా చింటుకు కీళ్లవాతం. చింటు లాబ్రడార్, తొమ్మిదేళ్లు, నలభై కిలోలు. అందులో ఆరేడు కిలోలు మా అత్తగారు పెరుగన్నం రూపంలో పోసిన ప్రేమ. పశువుల డాక్టరు తుంటి నొక్కి చూసి, బరువు తగ్గించండి, ఈత కొట్టించండి అన్నారు. తుంటి దాకా నీళ్లుంటే కాళ్ల మీద ఒంటి బరువులో సగం కూడా పడదట. కీలుకు దెబ్బ తగలకుండా కండ పని చేస్తుందట. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చల్లటివైతే కండరాలు బిగుసుకుంటాయి. మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ తొడగాలి. మనం మింగే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం పొరపాటున కూడా వేయకూడదు.

అన్నీ రాసుకున్నాను. నల్లగొండలో గోరువెచ్చటి నీళ్లెక్కడ? మే నెలలో మా మిద్దె మీది ట్యాంకులో కాగుతుంటాయి గాని అందులో చింటు పట్టడు. పానగల్లు ఉదయసముద్రంలో కృష్ణా నీళ్లున్నాయి. కాని ఆ కట్ట మీంచి నలభై కిలోలను దింపడం, మళ్లీ ఎక్కించడం జరిగితే ఆ తర్వాత ఈత నాకు రాసివ్వాల్సి వస్తుంది.

ఈ కష్టం మా బామ్మర్ది చెవిన పడింది. వాడికి తెలియని మనిషి లేడు, తెలిసిన పని లేదు. ఊరవతల ఒక ఫామ్‌హౌస్‌లో ఈత కొలను ఉందట, ఎండెక్కితే నీళ్లు వెచ్చబడతాయట. "బావా, ఫోన్ల బుక్ చేసిన. నువ్వు పో, అంతే" అన్నాడు.

గేటు దగ్గర ఆటో ఆగేసరికి చక్రాల కుర్చీ ఎదురొచ్చింది. వెనకే కోచ్, ఆయన వెనక కొందరు కుర్రాళ్లు, వాళ్ల వెనక తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి. మా వార్డులో ఏ ఫ్లెక్సీ చూసినా ఒక మూలన ఈయన దండం పెడుతుంటాడు.

"బాబు ఏడి సార్?" అన్నాడు కోచ్, గొంతు తగ్గించి.

ఇంట్లో అందరం వాడు, వీడు అనే అంటాం. "వెనక పండుకున్నడు" అన్నాను.

"కూర్చోలేడా?"

"కూర్చుంటడు. లేవడమే కష్టం. రాత్రంత మూలుగుతడు."

"మందులు మింగుతడా?"

"పెరుగన్నంల దాచిపెడితె మింగుతడు. చేతికిస్తె ఉమ్మేస్తడు."

కోచ్ కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత మంచి మనిషి, కుక్క కోసం ఇంత కరిగిపోతున్నాడు అనుకున్నాను.

"మరి చదువు?"

"ట్రైనింగుకు పంపినం. వారం తిరగకముందే వాపస్ పంపిర్రు. సార్‌ను కరిచిండని."

కోచ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా ధైర్యం చేసి అడిగాడు: "ఏ ఊరి నీళ్లు తాగిర్రు సార్? మర్రిగూడ దిక్కా?"

అప్పుడు వెలిగింది. బామ్మర్ది ఫోన్లో చెప్పింది ఇది: పేరు చింటు, వయసు తొమ్మిది, కీళ్ల జబ్బు, నడవలేడు. జాతి చెప్పలేదు. ఎందుకంటే పిల్లల బ్యాచ్‌కు సగం ఫీజు.

తొమ్మిదేళ్ల పిల్లాడికి కీళ్లు పట్టేశాయంటే ఇంకో జిల్లాలో ఏమనుకుంటారో గాని, మా దగ్గర ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగిన జిల్లా ఇది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు. కాబట్టి కోచ్‌ది తప్పు కాదు. ఆయన జాలిపడ్డాడు, ఆ జాలిలో ఎవరికో ఫోన్ చేశాడు, ఆ ఎవరో శాలువాతో దిగాడు.

నేను నోరు తెరిచేలోపే పెద్దమనిషి ఉపన్యాసం అందుకున్నాడు. "ఈ చిన్నారి బాధ్యత ఇకనుంచి నాది. అవసరమైతే హైదరాబాద్ తీసుకపోత. ఈ బాబు లేచి పరుగెత్తేదాక నేను నిద్రపోను..." మూడు ఫోన్లు వీడియో తీస్తున్నాయి. ఫ్లోరైడ్ ఊళ్లలో మంచం పట్టినవాళ్ల గడప ఈయన ఒక్కసారి తొక్కిన ఫొటో ఎవరైనా చూపిస్తే ఆ శాలువా నేనే కొనిస్తాను.

"నిద్రపోను" దగ్గర చింటుకు మెలకువ వచ్చింది. ముందు కాళ్లు, తర్వాత కాషాయరంగు లైఫ్ జాకెట్, చాలాసేపటికి వెనక కాళ్లు. దిగి, ఒళ్లు విరుచుకుని, చక్రాల కుర్చీని వాసన చూసి, దాని చక్రం మీద తన పని తాను ముగించుకున్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. విప్పిన శాలువా పెద్దమనిషి చేతుల్లో అలాగే ఉంది. ఫొటో తీసే కుర్రాడికి మాత్రం పనే దైవం. "అన్నా, ఎవలికో ఒకలికి కప్పు, ఎండ పోతుంది" అన్నాడు. నాకు కప్పారు. తెచ్చిన బిస్కెట్ల పుడా చింటు నోటికి అందింది.

ఈత సంగతి రెండు ముక్కల్లో తేలిపోయింది. నైలాన్ డ్రెస్ లేకుండా నీళ్లలో దిగకూడదట, బొచ్చు ఫిల్టర్‌కు అడ్డం పడుతుందట, కట్టిన డబ్బులు వాపస్ ఉండవట. తిరుగు ఆటో చార్జీ డబుల్. కుక్క వాసనట.

సాయంత్రానికి ఫొటో వార్డు గ్రూపులో పడింది. 'ఫ్లోరైడ్ బాధిత బాలుడి తండ్రికి అండగా మన అన్న.' కింద రెండు వందల దండాలు. చింటును కత్తిరించేశారు. ఒక మూలన తోక మిగిలింది.

బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఫొటోల నీ మొఖం మస్తు బాధగ వచ్చింది. ఇంకో క్లాసు మిగిలింది, ఊకెనే పోతుంది. మా చిన్నోన్ని పంపాల్నా? వాన్ని చింటు అని పిలిస్తె పలుకుతడు."