సవరణ: ‘వాళ్ళొస్తారు’ కాదు, ‘అతనొస్తాడు’

హాలీవుడ్ సినిమా ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ (1989) గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. మొక్కజొన్న చేలో కథానాయకుడు, రైతు రే కిన్సెల్లాకు వినిపించే మాట ‘నువ్వు కడితే వాళ్ళొస్తారు’ అని రాశాను. అసలు మాట ‘అతనొస్తాడు’. ‘జనం వస్తారు’ అనేది చివర్లో జేమ్స్ ఎర్ల్ జోన్స్ పాత్ర చెప్పేది. చాలామందికి ఈ రెండూ కలిసిపోయాయి.

ఒక్క మాటతో సినిమా అర్థమే మారిపోతుంది, అందుకే ఈ సవరణ. ‘వాళ్ళు’ అనుకుంటే ఇది అమెరికాలోని అయోవాలో పంట దున్నేసి బేస్‌బాల్ మైదానం కట్టినవాడి సాహసం. చిన్నప్పుడు చూసినవాళ్ళకు గుర్తుండేదీ అదే, చేలోంచి నడిచొచ్చే పాత ఆటగాళ్ళు. ‘అతను’ అంటే ఆ పాత ఆటగాళ్ళలో ఒకడైన షూలెస్ జో అనుకున్నాం, రే కూడా అలాగే అనుకున్నాడు. వయసొచ్చాక చూస్తే చూపు ఆఖరి దృశ్యం దగ్గరే ఆగిపోతుంది. ఓ కుర్రాడు క్యాచర్ మాస్క్ తీస్తాడు. బతుకు భారంతో అలిసిపోయాక మాత్రమే రే ఎరిగిన తండ్రి, పడుచువాడై ఎదురుగా నిలబడ్డాడు. 14 ఏళ్ళప్పుడు ఆయనతో ఆడనని మొండికేసిన కొడుకు, గొంతు పూడుకుపోతుంటే, ‘నాన్నా, కాసేపు బంతి విసురుకుందామా?’ అంటాడు.

తెలుగులో చెప్పాలంటే ఆ మాట ‘అతను’ కూడా కాదు, ‘ఆయన’.