నూరు దాటనివ్వని పిచ్ కౌంట్ గారికి

మహారాజశ్రీ పిచ్ కౌంట్ గారికి,

బేస్‌బాల్ పిచ్చర్ విసిరే బంతులు లెక్కపెట్టి, నూరు దగ్గర పడగానే పిచ్చర్‌ని మార్చమని మేనేజర్‌ని డగౌట్‌లోంచి (జట్టు కూర్చునే చోటు నుంచి) లేపడం తమరి ఉద్యోగం. అందులో తమకు సెలవూ లేదు, దయా లేదు.

ఆటంటే మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సులు. మొదలుపెట్టిన ఆటను పిచ్చర్ చివరిదాకా తనే వేసి ముగిస్తే కంప్లీట్ గేమ్ అంటారు. తమరి పుణ్యాన అమెరికా మేజర్ లీగ్‌లో 2018లో ఎవరూ రెండుకు మించి వేయలేదు. ఆ రెండు వేసినవాళ్లే లీడర్లు! చెట్టులేని ఊళ్లో ఆముదపు చెట్టే మహావృక్షం. 2024లోనైతే 30 టీములూ కలిసి సీజన్ మొత్తానికి 28 వేశాయి.

1975లో క్యాట్‌ఫిష్ హంటర్ ఒక్కడే 30 వేశాడు. 1879లో సిన్సినాటి పిచ్చర్ విల్ వైట్, కళ్లజోడు పెట్టుకుని మరీ, 75 మొదలుపెట్టి 75 ముగించాడు. అప్పట్లో చెయ్యి కిందినుంచే విసిరేవారు, బ్యాటర్‌కు దూరమూ 45 అడుగులేలెండి. కానీ పిచ్చర్ వారెన్ స్పాన్‌ని ఏమంటారు? 1963 జులై 2న, 42 ఏళ్ల వయసులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో 16వ ఇన్నింగ్స్‌లోనూ ఆయనే బంతి పట్టుకుని నిలబడ్డాడు. ఎదుటి పిచ్చర్ హువాన్ మారిషల్ కూడా దిగలేదు. చివరికి మారిషల్ జట్టు బ్యాటర్ విల్లీ మేస్ హోమ్ రన్‌తో ఆట 1-0 అయింది. మారిషల్ 227 బంతులు, స్పాన్ 201. ఆ ఏడు నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లో ఒక సగం) కంప్లీట్ గేముల లీడర్ కూడా స్పానే. తమరు ఆ రాత్రి ఏ ఊరెళ్లారో!

తమరి వాదన నాకు తెలుసు: ఎక్కువ విసిరితే చెయ్యి పాడవుతుందంటారు. 1980లో ఓక్‌లాండ్ కుర్రాళ్లతో మేనేజర్ బిల్లీ మార్టిన్ 94 కంప్లీట్ గేములు వేయించాడు, కొన్నేళ్లకే ఆ పిచ్చర్లు కనుమరుగయ్యారు. ఒప్పుకున్నాం. 2022లో ఆరు వేసి లీడరైన పిచ్చర్ శాండీ అల్కాంటరా మర్నాటి ఏడే మోచేతి ఆపరేషన్‌కి వెళ్లాడు. అదీ తమరి ఖాతాలోనే రాసుకోండి. మరి ఐదారు ఇన్నింగ్సులకే దిగిపోయే కుర్రాళ్లకూ అదే మోచేతి ఆపరేషన్, టామీ జాన్ సర్జరీ, ఎందుకవుతోంది? తొందరగా దిగిపోతాం కదా అని ప్రతి బంతినీ ప్రాణం పెట్టి విసరడం వాళ్లకు నేర్పింది తమరు కాదూ?

తమరికో తమ్ముడున్నాడు, పిచ్చర్‌ని ఎదుటి బ్యాటర్ల వరసను మూడోసారి ఎదుర్కోనివ్వడు. 2020 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఆరో ఆటలో టాంపా బే 1-0తో ముందుంది. దాని పిచ్చర్ బ్లేక్ స్నెల్ తొమ్మిది మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులతో ఔట్) చేశాడు, విసిరినవి 73 బంతులే. మేనేజర్ వచ్చి బంతి లాక్కున్నాడు. అప్పటికి రెండుసార్లూ స్ట్రైకౌటైన ఎదుటి బ్యాటర్ మూకీ బెట్స్ కొత్త పిచ్చర్‌ని చూసి వెంటనే రెండో బేస్ చేర్చే డబుల్ కొట్టాడు. ఆటా పోయింది, సిరీసూ పోయింది. ఆ స్నెల్‌కు ఏటా ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు రెండొచ్చాకే, 2024లో, మొదటి కంప్లీట్ గేమ్ దక్కింది. అదీ నో-హిట్టర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వని ఆట) పడుతోంది కాబట్టి, దింపడానికి మొహం చెల్లక!

ఇక నా ఫిర్యాదు. 2022 ఏప్రిల్‌లో మినియాపొలిస్‌లో పిచ్చర్ క్లేటన్ కెర్షా ఏడు ఇన్నింగ్సుల్లో 21 మందిని వరసగా ఔట్ చేశాడు, 80 బంతుల్లో. అక్కడ దింపేశారు. ఆయనేమో సరేనన్నాడు, ఒప్పుకోనిది నేనే. ఆ వేగంతో మిగిలిన రెండు ఇన్నింగ్సులకూ 23 బంతులు చాలు. మొత్తం 103. నూరు దాటిన ఆ మూడింటినీ నా పేర రాసుకుని, ఆయన్ను వేయనివ్వాల్సింది.

ఇట్లు,
తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం కూర్చున్న ఒక అభిమాని