పావర్టీ పాయింట్ గట్లు గ్రహాంతరవాసుల కోసం కట్టినవా?

అమెరికాలోని లూసియానా రాష్ట్రం, పావర్టీ పాయింట్. పొలాల మధ్య సగం గాజుల్లా ఒంపు తిరిగి, ఒకదాని లోపల ఒకటిగా ఆరు మట్టి గట్లు. విమానం నుంచి తీసిన పాత ఫొటోలో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. ఇలాంటి ఫొటోల కింద తిరిగే మెసేజ్‌ల సారాంశం ఇది: "నేల మీద నిలబడితే ఇవి కనిపించవు, ఆకాశం నుంచే కనిపిస్తాయి. అంటే పైనుంచి చూసేవాళ్ల కోసమే కట్టారు. వ్యవసాయం కూడా రాని వేటగాళ్ల వల్ల ఇది అయ్యే పని కాదు. అందుకే 1938లో తీసిన ఫొటోలను పదిహేనేళ్లు దాచిపెట్టారు." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మి పంపుతున్నారు. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"నేల మీద నుంచి కనిపించవు" అన్నది ఇవాళ్టి సంగతి, కట్టిన నాటిది కాదు. ఈ గట్లు కట్టినప్పుడు నాలుగు నుంచి ఆరు అడుగుల ఎత్తు ఉండేవని అంచనా. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ పత్తి తోట వేశారు. దాని పేరే పావర్టీ పాయింట్. ఏటా దుక్కి దున్నుతూ పోతే ఏ గట్టయినా చదును కావాల్సిందే. ఇప్పుడు కొన్నిచోట్ల అవి అడుగు ఎత్తు కూడా లేవు. పైగా ఒక గట్టు నడిమి నుంచి పక్క గట్టు నడిమికి 40 నుంచి 60 మీటర్ల దూరం. బయటి గట్టు ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరు పైనే. దున్నేవాడికి కాళ్ల కింద నేల కాస్త లేచినట్టు తెలుస్తుందేమో గానీ, అది ఆరు వరుసల్లో ఒకటని ఎలా తెలుస్తుంది?

పై నుంచి చూస్తే మాత్రం మొత్తం ఒకేసారి కంటికి అందుతుంది. గట్టు మీద మట్టి తొందరగా ఆరుతుంది, గట్ల మధ్య పల్లంలో తేమ నిలుస్తుంది. దాంతో నేల రంగు మారుతుంది, పైరు ఎదుగుదలా మారుతుంది. పొద్దున, సాయంత్రం ఎండ వాలుగా పడినప్పుడు చిన్న మెరక కూడా పొడుగాటి నీడ వేస్తుంది. విమాన సర్వేలో పురావస్తు శాస్త్రవేత్తలు పట్టుకునేది ఈ తేడాలనే. ఇంగ్లండ్‌లో వుడ్‌హెంజ్ అనే ప్రాచీన కట్టడం బయటపడిందీ ఇలాగే. 1925లో గిల్బర్ట్ ఇన్సాల్ అనే పైలట్ విమానంలోంచి చూస్తే పొలంలో వలయాకారపు గుర్తులు కనిపించాయి. తవ్వితే, ఒకప్పుడు కర్రలు పాతిన గుంతలు దొరికాయి. అంటే విమానం నుంచి మనకు సులువుగా కనిపించినంత మాత్రాన, కట్టినవాళ్లు విమానంలో తిరిగేవాళ్ల కోసం కట్టారని కాదు.

ఇక "వేటగాళ్ల వల్ల కాదు" అన్న మాట. నాకు కష్టం కలిగించేది ఇదే.

పావర్టీ పాయింట్ ప్రజలు క్రీ.పూ. 1700 నుంచి 1100 మధ్య ఇక్కడ మట్టి పని చేశారు. పంటలు పండించలేదు, నిజమే. బయూ మేసన్ అనే వాగు పక్కన చేపలు పట్టుకుంటూ, వేటాడుతూ, కాయలు ఏరుకుంటూ బతికారు. ఆ మనుషులే 22 మీటర్ల ఎత్తున పెద్ద దిబ్బ కట్టారు. దానికి పట్టిన మట్టి దాదాపు 2,38,000 ఘనపు మీటర్లు. చక్రం లేదు, బరువు మోసే పశువు లేదు. గంపలతో ఎత్తి పోసిందే అంతా. ఆ దిబ్బను తవ్వి చూసిన ఆంథొనీ ఓర్ట్‌మన్, ట్రిస్ట్రమ్ కిడర్ 2013లో ఒక విషయం బయటపెట్టారు. వానలు బాగా కురిసే ప్రాంతమది. అయినా లోపలి పొరల్లో ఎక్కడా వాన కోసిన జాడ లేదు. పని మధ్యలో ఆగి ఉంటే ఆ జాడ తప్పకుండా ఉండేది. అందుకే మొత్తం దిబ్బ 90 రోజుల్లోపే లేచిందని వాళ్ల లెక్క. అంతమందిని ఒకచోట చేర్చడం, తిండి పెట్టడం, పని నడిపించడం వాళ్లకు తెలుసు.

గట్ల మీద దొరికినవి కూడా చూడండి: పొయ్యిలు, గుంజలు పాతిన గుంతలు, తిని పారేసిన చేపల ముళ్లు. వాటితోపాటు గుప్పిట్లో పట్టే మట్టి ఉండలు, లెక్కలేనన్ని. ఆ చుట్టుపక్కల రాయి దొరకదు. అందుకని మట్టిని ఉండలుగా పిసికి, కాల్చి, ఆ వేడి ఉండలను గుంతలో వేసి వాటి వేడితో వండుకునేవారు. కొన్నింటి మీద పిసికిన వేళ్ల అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి. పనిముట్లకు కావలసిన రాయిని మాత్రం దూరం నుంచి, కొంత అపలేచియన్ కొండల నుంచి కూడా, తెప్పించుకున్నారు.

ఈ పనితనం అక్కడ ఉన్నట్టుండి ఊడిపడింది కూడా కాదు. అదే రాష్ట్రంలో వాట్సన్ బ్రేక్ దిబ్బలు పావర్టీ పాయింట్ కంటే వెయ్యేళ్లకు పైగా పాతవి. వాటిని కట్టిందీ వేటాడి బతికినవాళ్లే.

"వేరే ఎవరో కట్టారు" అన్న కథ కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఇలాంటి దిబ్బలన్నీ కనుమరుగైన ఏదో గొప్ప జాతివని, స్థానిక తెగలకు సంబంధం లేదని ప్రచారం చేశారు. 1830లో చట్టం చేసి ఆ తెగలనే వాళ్ల భూముల నుంచి తరిమేస్తున్న కాలమది. ఈ భూమి మీ పూర్వీకులది కాదు అనడానికి ఆ కథ బాగా పనికొచ్చింది. 1894లో సైరస్ థామస్ అనే పరిశోధకుడు తన నివేదికలో దాన్ని సాక్ష్యాలతో కొట్టిపారేశాడు. ఇప్పుడు ఆ జాతి స్థానంలో గ్రహాంతరవాసులు వచ్చారు. స్థానికుల చేతిలోంచి వాళ్ల పనిని లాక్కోవడం మాత్రం అలాగే ఉంది.

చివరిది, ఫొటోలు దాచారన్న ఆరోపణ. 1938 ఫొటోలు సైన్యపు ఇంజనీర్లు తీయించినవి, పురాతన కట్టడాలను వెతకడానికి కాదు. 1953లో జేమ్స్ ఫోర్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త వాటిని ముందు పెట్టుకుని చూసినప్పుడు గట్ల ఆకారం దొరికింది. ఆ చోటు అంతకుముందే అందరికీ తెలుసు. శామ్యూల్ లాకెట్ 1873లో, సి.బి. మూర్ 1913లో దాని గురించి రాశారు. 1962లో అమెరికా దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ మ్యూజియం ఉంది, దిబ్బలనూ గట్లనూ చుట్టి వచ్చే నడక దారి ఉంది. ఎవరైనా వెళ్లి చూడొచ్చు.