అయ్యా ఆరు వారాల రెస్టు గారూ, మిమ్మల్ని పంతొమ్మిదో రోజే గెంటేసినందుకు

మహారాజశ్రీ ఆరు వారాల రెస్టు గారి సముఖానికి, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో మైపాడు రోడ్డు పక్కన రొయ్యల గుంటలు చేసుకునే నేను రాసుకునే ఉత్తరం. ఇచ్చట అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నా గానీ అబద్ధం అవతది, ఎడమ చెయ్యి మళ్ళీ గుడ్డ ఉయ్యాల్లో పడుకోనుండాది, కుడిచేతి బొటనవేలు ఒక్కదాంతోనే ఇదంతా కొడతా ఉండా, తప్పులుంటే సర్దుకోండి.

మిమ్మల్ని మొదట చూసింది డాక్టరు చీటీ మీద. మందుల పేర్లు ఒక్కటీ చదవను రాలా, మీ పేరు మాత్రం గుండ్రంగా రాసి కింద రెండు గీతలు కొట్టున్నాడు, ఆరు వారాలు రెస్టు, గుర్రం ఎక్కరాదు అని. బైకు నడపరాదు, బరువులెత్తరాదు అని రోజూ రాస్తాడంట గానీ గుర్రం ఎక్కరాదు అని రాయడం ఆయన సర్వీసులో అదే మొదటిసారంట, రాసి ఒకసారి నా మొహం చూసి నవ్వుకున్నాడు కూడా. ఆ నవ్వుకే నాకు మీ మీద కోపం వచ్చింది, ఆయన మీద రావాల్సింది.

అసలు మీరు మా ఇంటికి రావడానికి కారణం కొంగలు. గుంట మీద కొంగ దిగితే పోయేది ఒక రొయ్యే, దానికి ఎవురూ ఏడవరు, ఎవడి గుంటలోనో తెల్లమచ్చ రోగం తగిలిన రొయ్యని ముక్కున కరుచుకోనొచ్చి మన గుంటలో పడేస్తే మొత్తం పంట తుడిచిపెట్టుకోని పోతది, అందుకే కట్టల మీద దారాలు కడతాం, కేకలేస్తాం, టపాకాయలు పేలుస్తాం. ఆ రోజు పొద్దన్నే నేను మా గుర్రం బుడ్డోడి మీద కట్ట చుట్టూ రౌండేస్తా ఉంటే మా గుంటకాడ పిల్లోడు నన్ను చూసుకోకుండా బాంబు అంటించాడు. బుడ్డోడంటే పేరుకే బుడ్డోడు, నాలుగొందల కిలోలు ఉంటాడు, మార్వాడీ జాతి రక్తం, చెవుల కొసలు రెండూ లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుకుంటా ఉంటాయి, ఆ చెవులు చూసే కొన్నా, రెండు పంటలు బాగా కలిసొచ్చిన సంవత్సరం లెండి. ఆ చెవులకి బాంబు వినపడంగానే వాడు ఎడంపక్కకి ఒక్క దూకు దూకాడు, నేను దూకలా. నేను అక్కడే గాల్లో ఉండిపోయి, ఆ తర్వాత ఎడం భుజం మీద కట్టకి దిగినా.

కాలర్ బోను మధ్యలో విరిగింది. ఎక్కువమందికి అక్కడే విరుగుద్దంట, పడుకోబెట్టిన ఎస్ అక్షరంలాగా వంకర తిరిగి మధ్యలో సన్నంగా ఉంటది గనక. లాటిన్‌లో దాని పేరుకి చిన్న తాళంచెవి అని అర్థమంట, ఇంగ్లీషోళ్ళు క్లావికల్ అనే మాట అక్కడినించే తెచ్చుకున్నారంట. నా తాళంచెవి తాళంలోనే విరిగింది అన్నమాట.

సరే, వచ్చారు. కొత్త అల్లుడికి కూడా మేం చెయ్యని మర్యాద చేశాం మీకు. ఏసీ గది మీకే, టీవీ రిమోటు మీకే. పొద్దన మేక కాళ్ళ సూపు, మధ్యాన్నం నల్లేరు పచ్చడి, రాత్రికి మామిడికాయేసిన చేపల పులుసు. వీధిలో సగం మంది పుత్తూరు తీసకపోండి ఆకు, గుడ్డుసొన, వెదురు బద్దలు పెట్టి కట్టు కడతారు అంటే మిగతా సగం మంది వాళ్ళ మీదకి లేచారు, నా ఎముక సంగతి పక్కకి పోయి పాతగొడవలు బయటికొచ్చినాయి. గుర్రం గుడ్డిదైనా దానాకు తక్కువ లేదని మా అమ్మ వంటింట్లోనించి ఒక మాటన్నది, నన్ను అన్నదో ఉలవలు మేస్తా ఉన్న బుడ్డోణ్ణి అన్నదో అడిగే ధైర్యం చెయ్యలా.

మరి మీరు నాకేం చేశారు? వీపు మీద ఎనిమిది అంకెలాగా బిగించే బెల్టొకటి తెచ్చారు, అది కడితే జెండా పండగనాడు పెరేడు మైదానంలో నిలబడ్డట్టు రొమ్ము ముందుకి పొడుచుకోనొస్తది, మనిషేమో ఏడుపు మొహంతో ఉంటాడు. పక్కకి తిరిగి పడుకోను లేదు, ఎనకాల మూడు దిండ్లు పెట్టుకోని పినాకినీ ఎక్స్‌ప్రెస్సులో కూర్చున్నట్టు నిద్ర. అన్నిటికన్నా లుంగీ. అయ్యా మీరెప్పుడన్నా ఒంటిచేత్తో లుంగీ కట్టారా? ఒక కొస పళ్ళతో పట్టుకోవాల, ఇంకో కొస చుట్టూ తిప్పి దోపాల, దోపేలోపల పళ్ళలోది జారతది, సరిగ్గా ఆ టయానికే కేబుల్ పిల్లోడు గేటు తీసుకోని అన్నా అంటాడు, పిలిచినప్పుడు ఓ అని నోరు తెరవడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు. నాలుగో రోజుకి మా ఇంటామె పాత నైట్ ప్యాంటుకి లాస్టిక్ ఎక్కించి నా మొహాన కొట్టింది.

పదో రోజుకి నేను మీ మీద కేసు తయారు చెయ్యడం మొదలుపెట్టినా. మంచంలో ఉన్నోడికి ఫోనే కదా లాయరు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో వాంగెన్‌హైమ్ అనే జర్మనీ ఆయన గుర్రం మీదనించి పడి ఇదే ఎముక విరగ్గొట్టుకోని, మళ్ళీ ఎక్కి ఆ రోజు పందెం పూర్తి చేసి, తెల్లారి మళ్ళీ దిగితే మళ్ళీ గుర్రంతో సహా పడ్డాడు, మళ్ళీ లేచి పూర్తి చేశాడు, టీముకి గోల్డు. 1960 రోమ్‌లో బిల్ రాయ్‌క్రాఫ్ట్ అనే ఆస్ట్రేలియా ఆయన, 45 ఏళ్ళు, ఇదే ఎముక, పైగా భుజం కీలు జారింది, డాక్టర్లు వద్దంటా ఉన్నా ఆస్పత్రిలోంచి బయటికొచ్చి తెల్లారి గుర్రం మీదకి ఎక్కించుకోని అడ్డం ఒక్కటి కూడా పడకుండా దూకించాడు, మళ్ళీ గోల్డు. రెండిటినీ డాక్టరుకి వాట్సాప్ చేసినా, మీరేమంటారు సార్ అని. రాత్రి పదకొండుకి జవాబొచ్చింది. వాళ్ళు ఎక్కకపోతే టీములో మూడో మనిషి లేక మొత్తం టీమే లెక్కలోంచి పోతది, మీరు ఎక్కకపోతే ఏం పోతది అని ఒక్క ముక్క. నేను ఆలోచించినా, ఉలవలు కూడా పోవు.

మా ఇంటామె ఊరుకుంటదా, ఆమే ఇంకో కథ వెతికి తెచ్చింది. డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అనే ఆమెకి 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింద పట్టు పోయింది, కడుపుతో ఉండాది అప్పుడు. గుర్రం ఎక్కాలంటే మనుషులు ఎత్తి కూర్చోబెట్టాల. ఆమె 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రం చేత చెప్పినట్టు అడుగులేయించే పోటీలో, సిల్వర్ తెచ్చింది, ఆడోళ్ళని ఆ పోటీలోకి రానిచ్చింది కూడా ఆ సంవత్సరమే. చూశావా అన్నది మా ఇంటామె. చూసినా, ఇందులో మధ్యన ఎనిమిదేళ్ళు ఉండాయి, అందుకే ఇది నేను ఎవురికీ ఫార్వర్డ్ చెయ్యలా.

ఇప్పుడు మీ దొంగ బుద్ధి గురించి చెప్తా. రెండువారాలు దాటంగానే నొప్పి తగ్గిపోయింది. చెయ్యి రొంత లేపితే లేస్తుండాది. మరి నొప్పి తగ్గినప్పుడు మీరు చెప్పుకోని పోవాల కదా, సోఫాలో అట్టానే కూర్చోనుంటే ఏమనుకోవాల? డాక్టరు దగ్గరికి పోతే ఆయన ముందే ఎదురుచూస్తా ఉన్నట్టు, నొప్పి తగ్గిందని వచ్చారా, నాకు భయం ఇప్పుడే అన్నాడు. విరిగిన చోట ముందు రక్తం గడ్డకట్టుద్దంట, రెండు మూడు వారాలకి ఆ గడ్డ మెత్తటి బంకగా మారుద్దంట, జున్ను అనుకోండి అన్నాడు, ఆ జున్ను ముక్కల్ని కదలకుండా పట్టుకోంగానే నొప్పి తగ్గిపోతది గానీ ఎముక ఇంకా రాలా, జున్నుకి సున్నం పట్టి గట్టిపడాల, ఆరు వారాలకి రొంత ధైర్యం, పూర్తి గట్టిదనానికి ఇంకా నెలలు. ఎక్స్‌రేలో జున్ను కనపడదు కూడా, సున్నం పడితేనే తెల్లగా వస్తది. నేను తల ఊపినా. ఇంటికొస్తా ఉంటే దారిలో నాకు గుర్తున్నది జున్ను ఒక్కటే, ఆగి తిన్నా కూడా.

దీన్ని చదివే రొయ్యల రైతులు ఎవురన్నా ఉంటే నన్ను ఉమ్ముతారు, ఎందుకంటే మనకి చెప్పాల్సిన పని లేదు ఈ సంగతి. వనామి రొయ్య పిల్ల వదిలినాక వంద రోజులు పైన కాచుకుంటాం, టయానికి మేత, తెల్లారుజామున లేచి ఆక్సిజన్ చూసుకోవడం, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటరు ఆగితే గుండె ఆగినట్టు జనరేటరు కాడికి ఉరకడం. డీవోసీ, అంటే పిల్ల వదిలి ఎన్ని రోజులైందో ఆ లెక్క, ఎంత అని అడిగితే నిద్దట్లో లేపినా చెప్తాం. పంతొమ్మిదో రోజు ఎవడన్నా వచ్చి మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో రొయ్య ఎగురుతుండాది, బలంగానే ఉండాది, వల దించు, కిలోకి ముప్పై కౌంట్ ఉంటది అంటే వాణ్ణి కట్ట మీదనించి తోసేస్తాం. నా ఎముక డీవోసీ పంతొమ్మిది. నేను వల దించినా.

ఆదివారం. ఒంగోలు నించి మా బామ్మర్ది వచ్చాడు, మా ఇంటామె అమ్మని తీసుకోని ట్రంకు రోడ్డుకి చీరలకి పోయింది, ఇంక అడ్డం ఎవురు? గుంటకాడికి పోయాం. మా ఒంగోల్లో గిత్తలతో బండలు లాగిస్తాం బావా, మీరు గుర్రాన్ని ఫోటోకి కూడా ఎక్కలేరా, ఏం కాదులే అన్నాడు. ఈ ఏం కాదులే అనే మాటకి మా జిల్లాల్లో ఉన్న పవరు ముందర మీ చీటీ ఎంత. ఫోటోలో బాగుండదని మీ బెల్టు విప్పి మోటారు షెడ్డులో గుంజకి తగిలించినా. గుర్రం ఎక్కేది ఎడంపక్కనించే, ఎడం చేత్తో జూలు పట్టుకోనే, ఆ చెయ్యేమో సెలవులో ఉండాది, అందుకని షెడ్డు మెట్టు మీదనించి పిల్లోడు ఎనకాలనించి మేత బస్తాని లారీకి ఎత్తినట్టు ఎత్తాడు.

నడక బాగుండాది. నిజం చెప్తా ఉండా, గాలి సముద్రం మీదనించి వస్తా ఉంటే, పంతొమ్మిది రోజుల తర్వాత ఆ చెవుల మధ్యలోనించి దారి కనపడితే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి, మిమ్మల్ని ఇంకో నాలుగు తిట్లు తిట్టుకున్నా. వీడియోకి దౌడు తీయి బావా అన్నాడు బామ్మర్ది. వద్దన్నా. రికార్డులో రాసుకోండి, నేను వద్దన్నా, నాకు డాక్టరు మాట మీద గౌరవం ఉండాది. ఊరికే నిలబెట్టినా. నిలబెట్టి, అలవాటుగా పగ్గం ఎడం చేతికి ఒక చుట్టు చుట్టుకోని, కుడిచేత్తో మీసం సర్దుకుంటా ఉండా.

కట్ట వాలులో పచ్చగడ్డి ఉండాది. బుడ్డోడు దాన్ని చూసి తల కిందికి వంచాడు.

అంతే. బాంబు లేదు, దౌడు లేదు, ఒలింపిక్స్ లేదు. ఎండిన కందికంప విరిచినట్టు టక్ మని ఒక శబ్దం, అది బామ్మర్ది తీసిన వీడియోలో కూడా వినపడతది, పదకొండు సెకండ్ల వీడియో, ఫ్యామిలీ గ్రూపులో ఉండాది, పెద్దనాయన దానికి దణ్ణం బొమ్మ పెట్టాడు. పడను కూడా పడలా నేను. పడుంటే రొంత మర్యాదగా ఉండేది. గుర్రం మీదే కూర్చోని, దిగను రాక, అరవను సిగ్గుపడి, వాడేమో ఒక్కో అడుగు ముందుకేసుకుంటా గడ్డి కొరుక్కుంటా ఉండాడు, ప్రతి కొరుకుడికీ నాకు చుక్కలు. రొయ్యలు పట్టే ప్లాస్టిక్ క్రేట్లు మెట్లలాగా పేర్చి, మేతోళ్ళిద్దరూ పిల్లోడూ కలిసి దించేసరికి అరగంట.

డాక్టరు కొత్త ఎక్స్‌రే లైటుకి పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలా. తర్వాత, జున్ను విరిగింది అన్నాడు. ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, ఈసారి బెల్టుతో కాలా, కోసి ప్లేటు పెట్టి ఏడు స్క్రూలు బిగించాడు. అరెకరం గుంటకి ఒక పంటకి అయ్యే మేత ఖర్చు నా భుజంలో ఉండాది ఇప్పుడు.

అసలు విషయం, మీ అన్నయ్య మూడు నెలల రెస్టు గారు మా ఇంట్లో దిగున్నారు. మీరెంత మెతకోళ్ళో ఆయనొచ్చినాకే తెలిసింది నాకు. ఆయనకి సూపూ లేదు పచ్చడీ లేదు, మా ఇంటామె వాటన్నిటికీ స్వస్తి చెప్పింది, గంజి పోస్తుండాది. రొట్టెల పండగ వస్తే బారాషహీద్ దర్గాకి పోయి స్వర్ణాల చెరువు కాడ ఆరోగ్య రొట్టె పట్టుకుంటా అని నేనంటే, బుద్ధి రొట్టె ఇచ్చేవాళ్ళు ఎవురన్నా ఉన్నారేమో ముందు కనుక్కోరా నాయనా, లేకపోతే ఆరోగ్య రొట్టె ఇంకో మనిషికి వదిలెయ్ అన్నది మా అమ్మ. మీ బెల్టు షెడ్డులో ఆ గుంజకే ఉండాది, పిల్లోడు దానికి ఏరియేటరు కేబుల్ వేలాడదీసుకున్నాడు, బాగా పనికొస్తుండాదంట.

మీరిప్పుడు ఖాళీగా ఉంటే ఒక అడ్రసు ఇస్తా. మా బామ్మర్ది పోయిన వారం బైకు స్టాండు తియ్యకుండా పోనిచ్చి చీలమండ బెణికిచ్చుకున్నాడు, కట్టు కట్టారంట, సంక్రాంతికి బండలాగుడుకి గిత్తల ఎనకాల తనే ఉరకాల్నంట, ఏం కాదులే అంటుండాడు. ఒంగోలు బస్టాండులో దిగి ఫోన్ చెయ్యండి, నేను లొకేషన్ పెడతా. నా పేరు చెప్పొద్దు.

ఇట్లు,
ఒక ప్లేటు, ఏడు స్క్రూలు, లాస్టిక్ ప్యాంటు గల మీ పాత పేషెంటు

తా.క. బుడ్డోడు బాగుండాడు. ఆ వాలులో గడ్డి మొత్తం తినేశాడు.